వంకాయరంగు రవిక

సక్కుబాయికి తోడికోడలి మీద మొదటిసారి కడుపు మండింది, తన కొడుకు పుట్టిన పూటే. అప్పటికి వాడికి పేరైనా పెట్టలేదు.

అది అరవైతొమ్మిది, తెలంగాణ లొల్లి నడుస్తున్న ఏడాది. మాదన్నపేటలో కర్ఫ్యూ. ఆస్పత్రికి పోయే దారి లేక, రెండిళ్ల అవతలి మంత్రసాని ఎల్లమ్మ దొడ్డిగోడ దిగి వచ్చి పురుడు పోసింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలంటారు కానీ, సక్కుబాయికి పుట్టింట్లో తల్లి లేదు. ధూల్‌పేట్‌లో గణపతి బొమ్మలు చేసే తండ్రి మల్లన్న ఒక్కడే ఉన్నాడు. బొమ్మల నడుమ బాలింతను ఎక్కడ పడుకోబెడతాడు?

బిడ్డకు నీళ్లు పోసి, గుడ్డలో చుట్టి, ఎల్లమ్మ పక్కలో పడుకోబెట్టబోయింది. సక్కుబాయి చేతులు చాచింది. అప్పటికే ఆమె రొమ్ములు బరువెక్కి సలుపుతున్నాయి. అత్త కాశమ్మ మధ్యలో వచ్చి బిడ్డను అందుకుంది. మాదన్నపేట కూరగాయల మార్కెట్లో ముప్పై ఏళ్లుగా ఆకుకూరలు అమ్మిన మనిషి. ఆమె మాటంటే మాటే.

"ముర్రుపాలు బిడ్డకు పడయి. మూడొద్దులు పిండి పారబొయ్యాలె," అంది.

"మరి గీ మూడొద్దులు వీడేం తాగాలె అత్తా?"

"రాజమణి లేదా? దానికి పొంగి పొర్లుతున్నయి."

రాజమణి పెద్దకోడలు. ఊరికి నీళ్లు వదిలే నల్లాల ఆఫీసులో నౌకరీ చేసే దుర్గయ్య భార్య. అప్పుడామెకు ఎనిమిది నెలల కూతురు లీల ఉంది. పిలవగానే తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, సక్కుబాయి మంచం అంచునే కూర్చుని, రవిక హుక్కులు తీసింది. బిడ్డ రెండుసార్లు మొహం అటూ ఇటూ తిప్పి, చటుక్కున పట్టుకున్నాడు.

"అబ్బ, గట్టోడే. నేర్పుడే అక్కర్లేదు వీనికి," అని నవ్వింది రాజమణి.

సక్కుబాయి గోడవైపు తిరిగి పడుకుంది. కళ్లు మూసుకుంది కానీ చెవులు మూతపడవు గదా. తన కొడుకు గుటక వేసే చప్పుడు ఒక్కొక్కటీ వినిపించింది. ఆ చప్పుడుకు ఆమె పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. ఎల్లమ్మ వచ్చి ఆ పాలను ఇత్తడి గిన్నెలోకి పిండి, దొడ్లో గోరింటచెట్టు మొదట్లో పోసింది. చిక్కగా, పచ్చగా ఉన్న పాలు. మూడు రోజులూ అదే వరస. ఆ ఏడాది గోరింట విరగబడి చిగురించిందని వాడకట్టులోని ఆడవాళ్లంతా ఆకు కోసుకుపోయారు. సక్కుబాయి మాత్రం ఆ ఆకు చేతికి పెట్టుకోలేదు.

నాలుగో రోజు బిడ్డను ఒళ్లో పెట్టారు. పట్టుకునే ముందు వాడు ఒక్క క్షణం ఆగి, ముక్కుతో వెతికినట్టు తల తిప్పాడు. చంటిబిడ్డలందరూ అలాగే వెతుకుతారు. కానీ సక్కుబాయికి మాత్రం వాడు రాజమణిని వెతుకుతున్నాడనే అనిపించింది. ఒకసారి అలా అనిపించాక మరి పోలేదు.

* * *

నర్సింగ్ అని పేరు పెట్టారు. సక్కుబాయికి పాలు లేకపోలేదు. వాడికి సరిపోయి మిగిలేటన్ని ఉండేవి. కాకపోతే రెండు గదులు, ఒక వంటిల్లు, ఒక నల్లా ఉన్న ఇల్లది. ఆమె బియ్యం కడుగుతున్నప్పుడు వాడు ఏడిస్తే, రాజమణి ఎత్తుకునేది. ఎత్తుకుని ఊరుకునేది కాదు, లీలను ఒక పక్కకు జరిపి వాడికి రొమ్ము ఇచ్చేది. బొద్దుగా, బిగ్గరగా నవ్వే మనిషి. ఎవరి పిల్లలైనా ఆమె ఒళ్లోకి దొర్లుకుంటూ పోవాల్సిందే. సక్కుబాయి సన్నగా, ముడుచుకుని ఉండేది. ఆమె ఒళ్లో కూర్చుంటే ఎముకలు గుచ్చుకుంటాయని లీల ఒకసారి అంది కూడా.

"నా పాలకొడుకు," అనేది రాజమణి నలుగురిలో. ఆ మాట అన్నప్పుడల్లా సక్కుబాయి చేతిలో ఏ గిన్నె ఉంటే ఆ గిన్నె చప్పుడయ్యేది.

భర్త ఎల్లప్ప బస్సు డిపోలో మెకానిక్. నూనె మరకలు కడుక్కుంటుంటే నీళ్లు పోస్తూ ఆమె ఒకరోజు మనసులో మాట చెప్పింది.

"వాడు నన్ను అమ్మా అనకముందే ఆమెను పెద్దమ్మ అన్నడు. నువ్వు చూసినవా?"

"పెద్దమ్మల కూడా అమ్మ ఉన్నది గదనే," అన్నాడు ఎల్లప్ప సబ్బు నురగలోంచి.

"నవ్వకు. నా ఒళ్లు మండుతున్నది."

"గింత దానికి ఫికరెందుకే? వదినె పెంచితే మనకే ఆసరా. వేరేటోళ్ల ఇండ్లల్ల చూడు, తోడికోడండ్లు మొహాలు చూసుకోరు."

అదే కదా బాధ. రాజమణి మీద చెప్పడానికి ఒక్క తప్పు లేదు. తిట్టేది కాదు, దాచుకునేది కాదు, కూరలో ముక్కలు తనకు ఎక్కువ వేసుకునేది కాదు. తప్పున్న మనిషి మీద కోపమైతే నలుగురితో చెప్పుకోవచ్చు. మంచిమనిషి మీద కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో సక్కుబాయికి తెలియలేదు. రెండేళ్లు తనలోనే పెట్టుకుంది.

* * *

నర్సింగ్‌కు రెండేళ్లు నిండి కొద్ది నెలలయ్యాక సక్కుబాయి మళ్లీ నెల తప్పింది. అప్పటికి రాజమణికి రెండో కూతురు పుష్ప పుట్టి నాలుగు నెలలు. కాశమ్మ ఆకుకూరల గంప దించుతూనే తీర్పు చెప్పింది.

"కడుపుతోటి ఉన్నదాని పాలు పిల్లగానికి మంచివి కావు. వాడు పీక్కుపోతడు, లోపలిది పీక్కుపోతది. ఇగ మాన్పించు."

మాన్పించే మందు ముసాంబరం. నల్లగా, గాజుపెంకులా మెరిసే, ఎండిన కలబంద రసపు గడ్డ. నీళ్లలో అరగదీస్తే చేదు విషం. హుస్సేనీ ఆలంలో మందుసామాన్లు అమ్మే వైకుంఠం దుకాణంలో మంచిది దొరుకుతుందని ఎల్లమ్మ చెబితే, సక్కుబాయి అంతదూరం నడిచిపోయింది. వైకుంఠం ముక్కు మీది కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"పాలు మాన్పించనీకేనా అమ్మా?"

ఆమె తల దించుకుని ఊపింది.

"సెనగగింజంత చాలు. ఒక్క మాట యాదుంచుకో. ఎండినంక కండ్లకు కానరాదు, తడి తగిలితే పచ్చగ కారుతది. ఒంటికైతే పిండి రుద్దితే పోతది. బట్టకు అంటితే మాత్రం జన్మల పోదు."

మర్నాడు పొద్దున అలవాటు ప్రకారం ఒళ్లోకి ఎక్కిన నర్సింగ్, నోరు పెట్టి, ఒక్కసారిగా వెనక్కి లాక్కున్నాడు. "థూ," అని ఉమ్మాడు. తరువాత వాడు ఏడుస్తాడని, తను ఎత్తుకుని బెల్లంముక్క పెట్టి ఊరుకోబెడుతుందని సక్కుబాయి అనుకుంది. వాడు ఏడవలేదు. ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఒళ్లోంచి జారి, గడప దాటి, అవతలి గదిలోకి పోయాడు.

"పెద్దమ్మా, అమ్మ చేదు."

రాజమణి పకపకా నవ్వడం ఇవతలికి వినిపించింది. తరువాత ఆ గుటక చప్పుడు.

సక్కుబాయి గడప దగ్గరికి వెళ్లి నిలబడింది. "అక్కా, మాన్పిస్తున్న గదా."

"మాన్పియ్యవే, ఎవరొద్దన్నరు? నీయి మాన్పియ్యి. ఒక్కపారిగ రెండు దిక్కులా బంద్ వెడితే పిల్లగాడు దిగులు పడ్తడు. నా దగ్గర కొన్నొద్దులు తాగి, వాడే ఇడుస్తడు." పుష్పను ఎడమ పక్కకు, నర్సింగ్‌ను కుడి పక్కకు సర్దుకుంది. "చూడు, ఎడమది పుష్పది, కుడిది నర్సింగుది. ఇగ లొల్లి లేదు."

"నువ్వు గూడ కుడి దిక్కు జరంత పూస్కోరాదు?"

"కుడిది చేదైతే వాడు ఎడమది గుంజుకుంటడు. అప్పుడు చంటిదానికేం మిగులుతది చెప్పు?"

రాజమణి చెప్పింది నిజమే. ఎప్పుడూ నిజమే చెబుతుంది. సక్కుబాయికి ఆమెలో అన్నింటికన్నా సహించరానిది అదే.

వారం గడిచింది. నర్సింగ్ గడప మీద కూర్చుని వచ్చేపోయే ఆడవాళ్లకు ఒకటే కబురు చెప్పేవాడు, "మా అమ్మ చేదు, పెద్దమ్మ తీపి," అని. వాళ్లు బుగ్గలు గిల్లి నవ్వేవారు. "మళ్ల చెప్పురా," అని అడిగి మరీ చెప్పించుకునేవారు. ఎల్లమ్మ అయితే, "ఏం సక్కూ, కన్నది నువ్వు, వాడు తాగేది ఆమె ఒళ్లె," అంది. నవ్వుతూనే అంది. ఆ రోజు సక్కుబాయి అన్నం తినలేదు.

* * *

శుక్రవారం. కాశమ్మ మార్కెట్‌కు పోయింది. మగవాళ్లు డ్యూటీలకు పోయారు. పిల్లలు ముగ్గురూ చాప మీద నిద్రపోతున్నారు. రాజమణి తలంటుకోవడానికి దడి వెనక్కి పోతూ, "సక్కూ, పుష్ప లేస్తే జర చూడే," అంది.

దండెం మీద ఆమె వంకాయరంగు రవిక ఆరుతోంది. స్నానం చేసి వచ్చి తొడుక్కునేది అదే. ఎండకు వెలిసిపోకుండా తిరగేసి ఆరేసింది.

సక్కుబాయి ముందుగా ఏమీ అనుకోలేదు. రవిక ఆరిందా అని ముట్టుకుంది, అంతే. ఆరింది. లోపలి వైపు పైకే ఉంది. చూస్తూ నిలబడగానే ఆమెకు అంతా తట్టింది. తట్టాక చేయకుండా ఉండలేకపోయింది.

ముసాంబరం గడ్డ గూట్లో ఉంది. సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి అరగదీసింది. పెళ్లికి ముందు ధూల్‌పేట్‌లో తండ్రి చేసిన బొమ్మలకు రంగులు వేసిన చెయ్యి ఆమెది. బొమ్మ చెంపకు రంగు ఎంత పలుచగా పూయాలో, ఎండాక గీత కనబడకుండా అంచులు ఎలా కలపాలో ఆమెకు తెలుసు. వేలికి పాతగుడ్డ చుట్టుకుని, రవికలో కుడివైపు మాత్రమే, పొర మీద పొర, తడి కనబడనంత సన్నగా పూసింది. ముదురురంగు బట్ట మీద ఏమీ తెలియలేదు. రాజమణికి పాలు చేపితే తడుస్తుంది, తడిస్తే చేదు దిగుతుంది. నర్సింగ్ నోరు పెడతాడు. "థూ" అంటాడు. పెద్దమ్మ కూడా చేదని తెలుస్తుంది. అప్పుడు ఇద్దరూ సమానమవుతారు. సమానమయ్యాక, కన్నదాని దగ్గరికి రాక ఎక్కడికి పోతాడు?

సానరాయి కడిగేసి, వంటింట్లోకి వచ్చి కూర్చుంది. చేట ముందేసుకుని ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది. సంతోషంతోనా, భయంతోనా అని తనను తాను అడగలేదు.

రాజమణి వచ్చి రవిక తొడుక్కుంది. తడి జుట్టు విదిలించుకుంటూ ఏదో కూనిరాగం తీసింది. కాసేపటికి పుష్ప లేచి ఏడ్చింది. ఒళ్లోకి తీసుకుంది. మరుక్షణంలో చంటిపిల్ల గొంతు చించుకుని ఏడుపందుకుంది. ఆకలి ఏడుపు కాదది, తేలు కుట్టినట్టు ఏడ్చింది.

"ఏమైందే? ఏమైంది నా తల్లీ? సక్కూ, ఇటు రావే. దీన్ని ఏదన్న కుట్టిందేమో చూడు."

ఇద్దరూ కలిసి గుడ్డలన్నీ విప్పి చూశారు. ఏమీ లేదు. మళ్లీ రొమ్ము పెట్టింది. పిల్ల పెదవులు బిగించి, మెడ వెనక్కి వాల్చి, ఊపిరాడనంతగా ఏడ్చింది. ఆ గొడవకు నర్సింగ్ లేచాడు. కళ్లు నులుముకుంటూ వచ్చి, పెద్దమ్మ కుడిపక్కన చేరి, తన పాలు తను తాగి, మూతి తుడుచుకుని ఆటకు పోయాడు.

సక్కుబాయి చూపు ఖాళీ దండెం మీదికి పోయింది.

"ఎడమ దిక్కు ముడ్తనే లేదు చూడు," అంటోంది రాజమణి. "ఎన్నడు లేంది."

అప్పుడు గుర్తొచ్చింది సక్కుబాయికి. తండ్రి వాకిట్లో వరసగా పెట్టి ఉండే అచ్చులు. ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తొండం ఎడమకు తిరిగిన అచ్చులో మట్టి అదిమి, తీసి చూస్తే, బొమ్మకు తొండం కుడికి వచ్చింది. ఆమె ఏడిస్తే మల్లన్న నవ్వి, "లోపలి దిక్కు చూస్తున్నవు బిడ్డా. లోపల కుడి ఉంటే బయటకు ఎడమ ఐతది. గిది మరిస్తే మన పనంత ఆగమే," అన్నాడు. ఆ మాట వింటూ పెరిగిన మనిషి, తిరగేసిన రవిక ముందు నిలబడి మరిచిపోయింది.

"అక్కా, చెమట పట్టినట్టున్నది. ఆ రైక ఇడిచి, జర కడుక్కొని రా," అంది.

"ఇప్పుడేగదనే తానం చేసింది," అంది రాజమణి పిల్లను ఊపుతూనే.

* * *

కాశమ్మ వచ్చి దిష్టి అంది. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని ఖాయం చేసింది. సాయంత్రానికి రాజమణి రవిక మార్చుకుంది, కడుక్కుంది కూడా. కానీ పుష్ప అప్పటికే బెదిరిపోయింది. ఎడమ కాదు, కుడి కాదు, అసలు తల్లి ఒళ్లో అడ్డంగా పడుకోబెడితేనే ఏడ్చేది. భుజాన వేసుకుంటే ఊరుకునేది. ఉగ్గుగిన్నెతో చక్కెరనీళ్లు పోస్తే సగం కార్చేసింది.

మర్నాడు పొద్దెక్కేసరికి రాజమణి ఎడమ రొమ్ము రాయిలా గట్టిపడింది. జ్వరం వచ్చింది. ఎల్లమ్మ వచ్చి చూసి, వేడినీళ్ల కాపడం పెట్టి పాలు పిండెయ్యాలంది. కాశమ్మ చేతులు మొరటువి. సక్కుబాయే కూర్చుంది.

రెండేళ్లుగా తను చూడలేక తల తిప్పుకున్న ఆ రొమ్మును సక్కుబాయి మొదటిసారి చేత్తో పట్టుకుంది. కాలిపోతోంది. మెల్లగా అదిమితే రాజమణి పళ్లు బిగించి కళ్లు మూసుకుంది. మూసిన కళ్లలోంచి నీళ్లు చెంపల మీదకి జారాయి. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక రాజమణి ఏడవడం సక్కుబాయి చూడలేదు. చూడగానే ఆమె లోపల ఎక్కడో, చాలా లోతున, ఇంత సంతోషం కదిలింది. కదిలిందని తెలిసి ఆమెకే ఒళ్లు జలదరించింది.

పాలు ఇత్తడి గిన్నెలో పడుతున్నాయి. అదే గిన్నె.

"ఎక్కడ పొయ్యాలె అత్తా?" అని అడిగింది.

"గోరింట మొదట్ల పొయ్యి, తొక్కకుంట," అంది కాశమ్మ.

సక్కుబాయి గిన్నె పట్టుకుని దొడ్లోకి వెళ్లింది. పోసి వచ్చేటప్పటికి చాప మీద పుష్ప ఏడుపు సన్నబడి, పిల్లికూనలా మూలుగుతోంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. పెదవులు ఎండాయి.

ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. నల్లా దగ్గరికి వెళ్లింది. వారం రోజులుగా తను పూసుకుంటున్న చేదును సెనగపిండి పెట్టి, కుంకుడు నురగ పెట్టి, చర్మం ఎర్రబడేదాకా రుద్దింది. వేలు నోట్లో పెట్టుకుని చూసింది. మళ్లీ రుద్దింది. లోపలికి వచ్చి, పుష్పను తీసుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఏం చేస్తున్నవే? కడుపుతోటి ఉన్నదానివి," కాశమ్మ లేవబోయింది.

"తాగనీ అత్తా," అంది రాజమణి పడుకున్నచోటి నుంచే. గొంతు పీలగా ఉంది. "ఏ పాలైతేంది, లోపలికి పోనీ."

పుష్ప మొదట తల తిప్పుకుంది. ఈ వాసన వేరు, ఈ ఒడి వేరు. ఎముకలు గుచ్చుకునే ఒడి. సక్కుబాయి రెండు చుక్కలు పెదవుల మీద పిండింది. పిల్ల నాలుకతో తాకి చూసింది. ఆగింది. తరువాత గబగబా పట్టుకుంది. వారం రోజులుగా ఇంకిపోతున్నాయనుకున్న పాలు, ఆ చిన్ననోటి పిలుపుకు ఎక్కడినుంచో చేపుకొచ్చాయి.

ఆ గుటక చప్పుడు విని నర్సింగ్ వచ్చాడు.

గడప మీదే ఆగిపోయాడు. అమ్మను చూశాడు. అమ్మ ఒళ్లో ఉన్న దాన్ని చూశాడు. రెండడుగులు వేసి, పుష్ప చెవి దగ్గర వంగి, పెద్దవాళ్లు బుద్ధి చెప్పినట్టు చెప్పాడు.

"తాగకు. అది చేదు."

పుష్ప తాగుతూనే ఉంది.

"చేదున్నది అంటున్న గదా," అని కాలు పట్టి లాగాడు. అప్పటికీ వదలకపోయేసరికి వాడి పెదవి వణికింది. "ఇడువ్. మా అమ్మ. నాది," అంటూ సక్కుబాయి మెడ చుట్టూ చేతులు వేసి, పుష్పను మోకాలితో నెట్టబోయాడు.

సక్కుబాయి వాడి కళ్లలోకి చూసింది. ఆ చూపు ఆమెకు బాగా ఎరుక. రెండేళ్లుగా, గడప అవతల నుంచి, రాజమణి ఒడిని తను చూసిన చూపే అది. నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఒక చేత్తో పుష్పను పట్టుకుని, రెండో చేత్తో వాణ్ని దగ్గరికి లాక్కుంది. వాడు పాలు అడగలేదు. ఆమె కొంగును గుప్పిట్లో బిగించి, పుష్ప తాగినంతసేపూ కాపలా కూర్చున్నాడు.

నాలుగైదు రోజుల్లో రాజమణి జ్వరం తగ్గింది. పుష్ప భయం మరిచి తల్లి దగ్గరికి పోయింది. నర్సింగ్ మాత్రం ఆ తరువాత రాజమణి దగ్గర పాలకు పోలేదు. తను అటు పోతే ఇటు ఒడి ఖాళీ అవుతుందని, ఖాళీ అయితే ఇంకెవరో ఎక్కుతారని వాడి భయం. అలా వాడి పాలు మానాయి.

"వాడే ఇడుస్తడని చెప్పలేదా నేను," అంది రాజమణి.

సక్కుబాయి గెలిచింది. కానీ ఆ వంకాయరంగు రవిక తరువాత ఎప్పుడూ దండెం మీద కనిపించలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

* * *

ఎండాకాలం మొదట్లో సక్కుబాయికి ఆడపిల్ల పుట్టింది. ఈసారీ ఎల్లమ్మే వచ్చింది, ఈసారి తలుపు లోంచే. కాశమ్మ ఇత్తడి గిన్నె కడిగి తెచ్చి పెట్టింది. "రాజమణీ, రావే, బిడ్డకు ఆకలైతున్నది," అని పిలిచింది. సక్కుబాయి గోడవైపు తిరగలేదు. తిరిగే హక్కు ఇక తనకు లేదనుకుని, వెల్లకిలా పడుకుని పైకప్పు వాసాలు చూస్తోంది.

రాజమణి ఒక బొంత పట్టుకుని వచ్చింది. పాత చీరెలు, పాత రవికల ముక్కలు కలిపి, దగ్గరదగ్గరగా కుట్లు వేసి కుట్టిన చిన్న బొంత. సక్కుబాయి పక్కలో పరిచి, బిడ్డను తీసుకుని దాని మీద పడుకోబెట్టింది.

"మూన్నెల్ల సంది కుడుతున్న. పొద్దుమీకి కండ్లు కానరాక వంకరపోయింది," అంది.

బొంత నట్టనడుమ వంకాయరంగు ముక్క ఉంది. ఆ ముక్కలో, అరచేతి వెడల్పున, పచ్చగా ఒక మరక. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని మరక. దానికి చుట్టూ తెల్లదారంతో, పువ్వుకు రెక్కలు కుట్టినట్టు, కుట్లు వేసి ఉన్నాయి.

సక్కుబాయి వేలు ఆ మరక దాకా వెళ్లి ఆగింది.

"కూసో, ముందు పాలియ్యి," అంటోంది కాశమ్మ.

"నా పాలు పడయి అత్తా గీ పిల్లకు," అంది రాజమణి. సక్కుబాయి వైపు చూడలేదు. బిడ్డ పిడికిలి విప్పి, వేళ్లు సవరిస్తోంది. "చేదుంటయి."

"ఏం మాటలే అవి?"

"అవునత్తా. నీ మనుమరాలు తాగి చూసింది గదా. ముర్రుపాలు పారబోసుడేంది? బర్రె ఈనితే మనం జున్ను వండుక తింటలేమా? బిడ్డకు బలమే. సక్కూ, ఇటు తిరుగు. నువ్వే పట్టు."

కాశమ్మ గొణిగింది. ముగ్గురు పిల్లల్ని ఆడించి ఇంటెడు చాకిరీ మోసే పెద్దకోడలితో వాదం పెట్టుకునే ఓపిక లేక, గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

సక్కుబాయి బిడ్డను దగ్గరికి తీసుకుంది. బిడ్డ ఎవరినీ వెతకలేదు. తిన్నగా వచ్చి పట్టుకుంది. పచ్చని చిక్కని పాలు, మొదటిసారి ఆమె బిడ్డ నోట్లోకి పోయాయి.

"అక్కా," అంది, బిడ్డ వీపు నిమురుతూ.

"ఊ?"

"నువ్వు ఎప్పుడు చూసినవ్?"

"ఆ పొద్దే. ఇడిచి నీళ్లల్ల ఏస్తే బక్కెటంత పచ్చగైంది." రాజమణి కొంగు సర్దుకుని లేచింది. "కోపమొచ్చింది. మస్తు వచ్చింది. నీ జుట్టు వట్టి అడుగుదామనుకున్న. గింతల నువ్వు నల్లా కాడ ఒళ్లు ఒలుచుకపోయేదాక రుద్దుకుంటుంటే కిటికీలకెళ్లి చూసిన. ఇగ ఏమడుగుతనే?"

అని అవతలికి పోయింది. పోతూ పోతూ వాకిట్లో ఆడుతున్న నర్సింగ్‌ను, "పాలకొడుకా, నీకు చెల్లె పుట్టింది రా," అని పిలిచింది. వాడు పరుగెత్తుకు వచ్చి ఆమె కాళ్లను చుట్టేసుకున్నాడు. సక్కుబాయికి ఎక్కడో కలుక్కుమంది. అంత జరిగాక కూడా.

ఆ బొంత మీద మరో ఇద్దరు పిల్లలు పెరిగారు. ఎనభైనాలుగులో ఇంటికి సున్నం వేస్తూ పాత సామాను బయటపెట్టినప్పుడు, పదమూడేళ్ల పుష్ప దాన్ని విప్పి, "గిదేందమ్మా, పువ్వులెక్కున్నది గానీ పువ్వు కాదు?" అని అడిగింది. సక్కుబాయి చేతిలో సున్నం కుంచె ఆగిపోయింది.

"మీ చిన్నమ్మ పసుపు ఒలికిచ్చిందే," అంది రాజమణి, నిచ్చెన మీదున్న నర్సింగ్‌కు సున్నం బక్కెట్ అందిస్తూ. ఒక్క క్షణం తడుముకోలేదు.

ఆ మాట అంత తేలిగ్గా అనడం తనకు ఈ జన్మకు చేతకాదని సక్కుబాయికి తెలుసు. తన బట్ట మీద ఆ మరక పడి ఉంటే, ఈపాటికి వాడకట్టంతా విని ఉండేది. అదీ తెలుసు. కుంచె సున్నంలో ముంచి, గోడవైపు తిరిగింది. పదిహేనేళ్లనాడు ఎక్కడ మండిందో సరిగ్గా అక్కడే మళ్లీ కడుపు మండింది.